విశాఖ విమానం, అప్పలస్వామి పావురాలు

1993 వర్షాకాలంలో నన్ను కలకత్తా కార్యాలయంలో రూట్ ప్లానింగ్ అధికారిగా వేశారు. ప్రైవేటు విమాన సంస్థలు అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న రోజులవి. మాది వాటిలో చాలా చిన్నది. ఎక్కువ కాలం బతకలేదు కనుక పేరు చెప్పకపోయినా నష్టం లేదు. నా హోదా వినడానికి ఘనంగానే ఉండేది గానీ, మేనేజరు కింద నేను, నా కింద ఒక టైపురైటరు, అంతే విభాగం. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి విమానం నడిపితే సీట్లు నిండుతాయా లేదా అని ముందే చెప్పడం నా పని. ఒక రకంగా జోస్యమే. కాకపోతే జ్యోతిష్కుడికి జాతకం ఇస్తారు, మాకు రైల్వే రిజర్వేషన్ చార్టులు ఇచ్చేవారు.

నగరానికి దక్షిణపు అంచున ఒక చిన్న విమానాశ్రయం ఉండేది. పైలట్ శిక్షణ విమానాలు రెండు మూడు ఎగిరేవి, మిగతా సమయంలో ఆవులు మేసేవి. పెద్ద విమానాశ్రయం ఊరికి ఆ చివర. దక్షిణాన ఉన్నవాళ్ళు అక్కడికి చేరేసరికి సగం పూట గడిచిపోతుంది, మధ్యలో ఏ ఊరేగింపో అడ్డం వస్తే మొత్తం పూట. కనుక ఈ చిన్నదాని నుంచి ఇరవై సీట్ల లోపు విమానాలు నడపవచ్చా అని పరిశీలించమన్నారు. మూడు మార్గాలు అనుకున్నారు. ఒకటి పక్క రాష్ట్రంలోని ఉక్కు పట్టణం, రెండోది ఉత్తర బెంగాల్లో ఒక ఊరు, మూడోది విశాఖపట్నం. మూడోదాన్ని చేర్చింది మా మేనేజరు ఘోష్ బాబు. ఖిదిర్‌పూర్, వాట్‌గంజ్ రేవుల్లో మీ తెలుగువాళ్ళే కదా నిండా, నువ్వూ తెలుగువాడివే, చూసిరా అన్నారు.

చూశాను. రేవు కూలీలు, కార్పొరేషన్ పనివాళ్ళు అందరూ మెయిలు రైల్లో జనరల్ పెట్టె ఎక్కి వెళ్ళేవాళ్ళు. ఎక్కువమంది శ్రీకాకుళం తీరంవాళ్ళు. రైలు ముందు వాళ్ళ ఊళ్ళు దాటి ఆ తర్వాత విశాఖ చేరుతుంది. అంటే విమానం ఎక్కినవాడు సొంత ఊరి మీదుగా ఎగిరిపోయి, మళ్ళీ బస్సెక్కి వెనక్కి రావాలి. అంతకంటే పెద్ద చిక్కు రన్‌వే పొడవు. రన్‌వే పొట్టిదైతే విమానం తక్కువ బరువుతోనే లేవగలదు. దూరం ఎక్కువైతే ఇంధనం ఎక్కువ పోయాలి, ఆ మేరకు మనుషుల్ని తగ్గించాలి. విశాఖ దాకా ఇంధనం పోస్తే సగం సీట్లు ఖాళీగా పోవాలని తేలింది. ఆగస్టు మొదటి వారంలో చిత్తుప్రతి మీద "విశాఖపట్నం: అనుకూలం కాదు" అని నా చేత్తోనే రాశాను. ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేను మరిచిపోయినట్టు నటించాను.

మిగిలిన రెండు మార్గాలకూ అనుమతి కావాలంటే లైసెన్సు ఇన్‌స్పెక్టరు వచ్చి అడ్డంకుల నివేదిక చూడాలి. విమానం లేచే దారిని, దిగే దారిని మేము ఒక గరాటులాగా ఊహిస్తాం. ఆ గరాటులోకి చొచ్చుకొచ్చే చెట్లు, చిమ్నీలు, స్తంభాలు రాసుకుంటాం. పక్షుల్నీ రాసుకుంటాం. ఒక్క పావురం ఇంజనులో పడితే చాలు, చిన్న విమానానికి ఆయువు మూడినట్టే. అందుకే ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు రన్‌వే చివర కుర్చీ వేసుకుని, ఏ పక్షి ఏ ఎత్తులో ఎటు పోయిందో పట్టిక నింపాలి. నాలుగు రోజులు నింపాను. పక్కనున్న చెత్తకుప్పను కార్పొరేషన్ చేత తీయించాక గద్దలు, కాకులు తగ్గాయి. ఒక పావురాల గుంపు మాత్రం రోజూ గడియారం చూసుకున్నట్టు లేచి, సరిగ్గా గరాటు మధ్యలో చక్కర్లు కొట్టి దిగేది. అది దిగేది ప్రహరీ అవతల బస్తీలో ఒక డాబా మీదికి.

పావురాల పెంపకాన్ని ఆపించే నియమం ఏదీ నాకు పుస్తకాల్లో దొరకలేదు. బతిమాలుకోవడమే దారి. ముందు పాడా క్లబ్బుకు, అంటే ఆ పేట కుర్రాళ్ళ సంఘానికి వెళ్ళి, పార్టీ లోకల్ కమిటీ వాళ్ళ చేత చెప్పించమన్నారు ఘోష్ బాబు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో కుళాయి వేయించాలన్నా అదే పద్ధతి. నేను అలా వెళ్ళి ఉంటే బాగుండేది. వాళ్ళు నాలుగు ప్రశ్నలు వేసేవాళ్ళు, కాగితం మీద రాసివ్వమనేవాళ్ళు. కానీ బస్తీ మలుపులో ఎవరో ఆడమనిషి "ఓలమ్మ, పంపులో నీల్లు రాలేదేటే" అని అరవడం నా చెవిన పడింది. తెలుగు బస్తీ అన్నమాట, మన పని సులువు అనుకున్నాను.

డాబా మీద వెదురు బద్దల గూడు, పక్కన పొడుగాటి వెదురు గడ, దాని కొసన పక్షులు వాలడానికి అల్లిన చదరపు తడిక. దాని కింద పీట మీద అప్పలస్వామి. రేవులో మోత కూలీగా చేరి, ముఠా మేస్త్రీగా ఎదిగి, నడుము పోయాక పని మానేసినవాడు. అరవై దాటి ఉంటాయి. భార్య పోయింది, కొడుకు రేవులోనే చనిపోయాడు. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే కోడలు నూకాలమ్మ సంపాదన మీద ఇల్లు నడుస్తోంది. ఆయనకు మిగిలినవి ఆ ముప్ఫై రెండు పావురాలు. ఖిదిర్‌పూర్ పందాల్లో వాటికి పేరుందని, ఉదయం ఎగిరితే సాయంత్రం దాకా దిగనివి నాలుగున్నాయని నా పేరు కూడా అడగకముందే చెప్పాడు.

నేను తెలుగులో మాట్లాడేసరికి ఆయన పీట దిగి లేచి నిలబడ్డాడు. "ఆపీసరు బాబు మా మేడెక్కి తెలుగులో మాటాడ్డం నానెరగను. కూకోండి బాబూ" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ కొంచెం పొంగింది, నిజమే చెప్పాలి. పొంగిన ఛాతీతోనే అబద్ధం ఆడాను. మన తెలుగువాళ్ళ కోసం విశాఖకు విమానం వేస్తున్నామని, దానికి ఈ పక్షులొక్కటే అడ్డమని చెప్పాను. మిగతా రెండు ఊళ్ళ పేర్లు ఎత్తనే లేదు. చిత్తుప్రతి మీద నేను రాసిన సిరా ఆరి అప్పటికి వారం కూడా కాలేదు.

అప్పలస్వామి తెలివితక్కువవాడు కాదు. కాసేపు లెక్కేసుకుని, "అయితే బాబూ, మా పలాస మీంచి ఎల్లిపోయి, ఇశాపట్నంలో దిగి, మల్లీ ఎనక్కి బస్సెక్కాలేటి?" అన్నాడు. నేను నవ్వేశాను, ఆయనా నవ్వాడు. తరువాత గూటి వైపు చూస్తూ, "నానెలాగూ ఎక్కను. నా మనవరాలెప్పుడో ఎక్కుతాది. మనోల ఇమానం అంటన్నారు గదా, నా వొల్ల ఆగిందనిపించుకోను" అన్నాడు. నూకాలమ్మ మెట్ల దగ్గర నిలబడి వింటోంది. "కాయితం ఏదైనా ఇత్తారా దాదా?" అని అడిగింది నన్ను. ఆ బస్తీలో చదువుకున్నవాళ్ళను బెంగాలీల్లాగా దాదా, అంటే అన్న, అనడం అలవాటు. మనవాళ్ళ మధ్య కాగితాలెందుకమ్మా అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఆడిన మాటల్లో ఇంతకంటే చెత్త మాట ఇంకోటి లేదు.

ఇన్‌స్పెక్షన్ దుర్గాపూజలకు ముందు జరగాలి. అందాకా పక్షుల్ని దక్షిణాన నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఊళ్ళో ఉన్న ఆయన బావమరిది ఇంట్లో ఉంచుదామని ప్రతిపాదించాను. ఆయన బుట్టల్లో సర్దిపెట్టాడు. కంపెనీ జీపులో నేనే తీసుకెళ్ళి, జనపనార మిల్లు వెనక ఇంటి పెరట్లో దింపించాను. పాపం ఉక్కపోతకు అల్లాడుతున్నాయని బుట్టల మూతలు తీయించింది కూడా నేనే. అవి లేచి, మిల్లు చిమ్నీ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, ఉత్తరానికి తిరిగాయి. నేను దారిలో టీ తాగి, గతుకుల రోడ్డు మీద జీపు ఈడ్చుకుంటూ బస్తీకి వచ్చేసరికి ముప్ఫై రెండూ తడిక మీద కూర్చుని ఉన్నాయి. అప్పలస్వామి వాటికి జొన్నలు వేస్తున్నాడు.

మార్గాలు నిర్ణయించడం నా వృత్తి. పావురం ఎంత దూరం నుంచైనా ఇంటికి దారి వెతుక్కుంటుందని మాత్రం నాకు తట్టలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడగనేదు బాబూ. పెద్ద సదువులు గదా, ఏదో ఉపాయం ఉంటాదనుకున్నాను" అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉంటే దానికి నేను తగినవాణ్ణే.

ఇంకొక పద్ధతి ఉందని ఆయనే చెప్పాడు. కొత్తగా కొన్న పక్షి పారిపోకుండా పెంపకందార్లు దాని ఒక రెక్క ఈకలను నూలు దారంతో కలిపి కడతారు. ఒక్క రెక్కే కట్టాలి. వారానికోసారి ఆ కట్టు విప్పి రెండో రెక్కకు మార్చాలి, లేకపోతే కీలు బిగుసుకుపోయి పక్షి జన్మలో ఎగరదు. కట్టమని నేను అనలేదు, చూపులతో అడిగాను. ఆయన నా ముందే కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఒళ్ళోకి తీసుకుని కట్టాడు. పందెపు పక్షుల దగ్గరికి వచ్చినప్పుడు కాస్త ఆగాడు. అన్నీ అయ్యాక, "మీరు కబురు సేసినదాకా ఇప్పను బాబూ. మాటంటే మాటే" అన్నాడు. ముఠా మేస్త్రీ నోటి మాట మీద రేవులో ఓడలు ఖాళీ అయ్యేవి. వాళ్ళ లోకంలో మాటకు రశీదు ఉండదు.

మరునాటి నుంచి గరాటు ఖాళీ. పట్టికలో "పక్షులు: గమనార్హం కాదు" అని రాసి సంతకం పెట్టాను. ఘోష్ బాబు భుజం తట్టారు. పూజలకు ముందన్న ఇన్‌స్పెక్షన్ కాళీపూజ తరవాతికి, అక్కడి నుంచి డిసెంబరుకు వాయిదా పడింది. ప్రతి వాయిదాకూ వెళ్ళి ఇంకో నెల అని చెప్పి వచ్చాను. అంతవరకు ధర్మంగానే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా ఆయన ఏదో ఒక పక్షికి కట్టు మారుస్తూ కనిపించేవాడు. గూట్లో పై వరసలకు అవి ఎగరలేవు కనుక రాత్రిళ్ళు కింద వెడల్పు బుట్టల్లో పడుకోబెడుతున్నానని చెప్పాడు. బలిసిపోతున్నాయని, పందెం పక్షి బలిస్తే సానపట్టని కత్తి అని బాధపడ్డాడు. నేను గోడ మీద ఎండ చూస్తూ విన్నాను.

డిసెంబరు రెండో వారంలో సంస్థ పైవాళ్ళు మొత్తం ప్రతిపాదననే పక్కన పెట్టారు. విమానాలు అద్దెకిస్తామన్నవాళ్ళు వెనక్కి తగ్గారని విన్నాం. ఫైలు మూసే పద్ధతి ఒకటుంది. చివరి పేజీలో నిర్ణయం రాసి, కింద "నకలు" అని శీర్షిక పెట్టి, ఆ నిర్ణయం తెలియాల్సిన వాళ్ళందరినీ వరసగా రాయాలి. మేనేజరు, ఇంజనీరింగు విభాగం, విమానాశ్రయ అధికారి, ఇన్‌స్పెక్టరు కార్యాలయం. చెత్తకుప్ప తీయించిన కార్పొరేషన్ విభాగానికి కూడా కృతజ్ఞతలతో ఒక నకలు పంపాం. ఆ జాబితా టైపు చేసింది నేనే.

ఆ శనివారం బస్తీకి వెళ్దామనుకున్నాను. వెళ్ళలేదు. వెళ్తే విమానం రాదని చెప్పాలి. విశాఖ మాట నాకు ఆగస్టులోనే తెలుసా అని ఆయన అడగడు, కానీ మెట్ల దగ్గర నూకాలమ్మ ఉంటుంది. ముఖం చెల్లలేదు. మరుసటి శనివారం జలుబు. ఆ పై శనివారం క్రిస్మస్, తర్వాత కొత్త సంవత్సరం, ఆ తర్వాత ఘోష్ బాబు కూతురి పెళ్ళి. మనసు ఒప్పని పనికి క్యాలెండరు ఎప్పుడూ సాక్ష్యం చెబుతుంది. ఈపాటికి ఆయనే విప్పేసి ఉంటాడులే అని కూడా అనుకున్నాను. మాటంటే మాటే అన్న మనిషి గురించి అలా అనుకోవడానికి నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడు వేస్తోంది.

జనవరి చివర ఒక మధ్యాహ్నం అప్పలస్వామి మా కార్యాలయానికి వచ్చాడు. నడుము పోయిన మనిషి, మూడు అంతస్తులు ఎక్కి వచ్చాడు. ఉతికిన ధోవతి, మీద ఎవరిదో కోటు. వెంట నూకాలమ్మ. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మూడు రోజుల కిందట తెల్లవారుజామున పునుగుపిల్లి పడింది. అక్కడివాళ్ళు భామ్ అంటారు, చెట్ల మీద నుంచి డాబాల మీదికి దిగుతుంది. గూటి తలుపు అడుగు బద్ద విరగ్గొట్టుకుని లోపలికి దూరింది. ఎగరగలిగి ఉంటే పై వరసలకు లేచి కొన్నైనా దక్కేవి. కింద బుట్టల్లో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తను లేచి వెళ్ళేసరికి అయిదు ప్రాణాలతో ఉన్నాయి, అవీ సాయంత్రానికి పోయాయి.

చెప్పడం అయ్యాక కోటు సర్దుకున్నాడు. "నాను సెప్పొచ్చిందేటంటే బాబూ, మీ ఇమానానికి ఇంక అడ్డం నేదు. ఆ ఇనస్పెట్రు బాబుని రమ్మని రాసీండి. ఆకాసం కాళీగా ఉన్నాది" అన్నాడు.

ఫైలు మూసి అప్పటికి ఆరు వారాలు దాటింది. అది నా వెనక బీరువాలోనే ఉంది. చెప్పడానికి అదే సమయం. తిట్టేవాడేమో, ఏడ్చేవాడేమో, కనీసం నిజం తెలుసుకుని మెట్లు దిగేవాడు. నేను "రాస్తాను" అన్నాను. ఆ ఒక్క మాటా అని, టీ తెప్పించమంటారా అని అడిగాను. వద్దన్నాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, నేనూ పెట్టాను.

నూకాలమ్మ ఒక్క క్షణం ఆగింది. మామగారు మెట్ల మలుపు తిరిగాక, "రోజూ సందేల అడిగేవోడు దాదా, బాబు కబురొచ్చిందేటే అని. నానే ఇప్పీమన్నాను. ఇనలేదు" అంది. గొంతులో కోపం లేదు. నా బల్ల మీది కాగితాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, కానీ ఆ చూపుకు చదువుతో పని లేదు. విమానం రాదని ఆమెకు అప్పుడే అర్థమైందని నా నమ్మకం. ఆయనకు ఆమె చెప్పిందో లేదో తెలియదు.

ఆ తర్వాత నేను ఆ బస్తీకి వెళ్ళలేదు. ఏడాదిన్నర గడిచాక వేరే పని మీద ఆ చిన్న విమానాశ్రయానికి వెళ్ళినప్పుడు, రన్‌వే చివర నిలబడి చూశాను. ఆవులు మేస్తున్నాయి. ప్రహరీ అవతల డాబా మీద వెదురు గడ అలాగే ఉంది, తడిక మీద ఏమీ లేదు. ఆకాశం, ఆయన చెప్పినట్టే, ఖాళీగా ఉంది.

తరువాతి ఉద్యోగాల్లో కొత్తవాళ్ళకు మార్గ నివేదికలు రాయడం నేర్పే పని చాలాసార్లు నాకు పడింది. ప్రయాణికుల అంచనా, రన్‌వే, అడ్డంకులు అన్నీ అయ్యాక, నకలు జాబితాకు పైన ఇంకొక పేరా రాయించేవాణ్ణి. ఈ పని కోసం మనం ఎవరిని ఏది ఆపమని అడిగాం, పని జరగకపోతే మళ్ళీ మొదలుపెట్టుకోమని వాళ్ళకు ఎవరు, ఏ రోజులోగా వెళ్ళి చెప్పాలి, ఆ మనిషి పేరు. ఏ నియమావళిలోనూ లేదు కదా సార్ అని ప్రతి బ్యాచిలో ఒకరైనా అడిగేవారు. మంచి పద్ధతి, రాయండి అనేవాణ్ణి. కారణం ఎవరికీ చెప్పలేదు. అప్పలస్వామి ఫైల్లో ఆ పేరా లేదు. ఉంటే అందులో నా పేరే ఉండేది.